బాయిలర్లో వేసిన పేజీ

ఈ ఉదయం ఏలూరులో ఓ పాత పుస్తకాల కొట్టు దగ్గర, అట్టలు చిరిగిన వారపత్రికల కట్ట కనబడింది. తెరిస్తే మా పెద్దత్తయ్య తన మీద తనే జోకులేసుకుంటూ రాసిన స్వగతాలు. ఆ పాత కాగితం వాసనకి మా బాయిలర్ పొగ గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

మీ ఇళ్ళలోనూ ఉండేది కదూ, పెరట్లో స్నానాల నీళ్ళకి రాగి బాయిలర్? తాడేపల్లిగూడెంలో మా అందరికీ అదే. అత్తయ్య ఏది రాసినా, పోస్టు చేసేముందు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చదివేది.

"అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండమ్మా, అచ్చయ్యాక ఏడవద్దు."

ఉండి ఊళ్ళో పెళ్ళి భోజనంలో తన కట్టుడుపళ్ళు పప్పుచారులో పడ్డ సంగతి కూడా దాచని మనిషి. నేను ఐదో తరగతిలో ఉండగా నా వంతొచ్చింది. కొల్లేటిలో దోనె ఊగితే భయపడి గౌను తడుపుకున్న వైనం! అందరూ పడీపడీ నవ్వారు. నోరు తెరిచి వద్దనలేక, ఆ పేజీ లాక్కెళ్ళి బాయిలర్లో పడేశాను.

అత్తయ్య నవ్వు ఆగిపోయింది. "వద్దండీ అంటే నేనే తీసేద్దును కదమ్మా! సర్లే, ఇక నీ జోలికి రాను."

పదింటికి వస్తానని ఏనాడూ పదింటికి రాని మనిషి, ఈ ఒక్క మాట మీద మాత్రం పోయేదాకా నిలబడింది. మొండిమనిషి! నేను చిన్నపిల్లనని తెలియదూ?

కట్టంతా కొనుక్కొచ్చి వెతికాను. మా పిల్లి ఉంది. పాలాయన సైకిలు ఉంది. ఆ దిక్కుమాలిన బాయిలర్ కూడా ఉంది.

నేనే లేను.