వదిన చేయించిన చెవి పరీక్ష

మా వదిన ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. కంపెనీల చుట్టూ తిరిగి, పనివాళ్ల ఆరోగ్యం చూసుకుంటే లాభం మీకేనని యజమానులకు నచ్చజెప్పడం ఆవిడ పని. ఒకచోట నిలబడి పనిచేసేవాళ్లకి కుర్చీలు వేయించింది. ఇంకోచోట భోజనాల గదికి కిటికీలు పెట్టించింది. మంచి మనిషి, కాదనను. ఆ మంచితనమే మా కొంప ముంచింది.

అన్నయ్య బట్టల మిల్లులో మరమగ్గాల మీద పనిచేసేవాడు. ఆ షెడ్డులో పక్కన నిలబడి అరిచినా మాట వినపడదు. అందుకే అక్కడివాళ్లంతా ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకుంటారు. అన్నయ్య చెవులు ఎప్పుడు పోయాయో మిల్లులో ఎవరూ కనిపెట్టలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో వదిన, "మీ అన్నయ్య నా మొహం మీంచి చూపు తిప్పరు తెలుసా" అని తెగ మురిసిపోయేది.

"అది ప్రేమ కాదు వదినా, చెవుడు" అని నేను ఏడిపించేదాన్ని.

పోయిన వానాకాలం ఆ మిల్లు వాళ్లే వదినని పిలిచారు. తన మొగుడు పనిచేసే మిల్లు కదా, ఆవిడ కాలు నేలమీద నిలవలేదు. అందరికీ చెవి పరీక్షలు చేయిద్దామని, వినపడనివాళ్లకి చెవి మిషన్లు ఇప్పిద్దామని మేనేజరుతో చెప్పింది. ఆయన అన్నిటికీ బుర్ర ఊపాడు.

మగ్గాల వాళ్లు మాత్రం భయపడ్డారు. చెవిలో శబ్దం వినిపించడానికి నర్సు మీట నొక్కేటప్పుడు ఆమె చెయ్యి చూసి వినపడినట్టు వేలెత్తేద్దామని లోపల్లోపల అనుకున్నారు. అన్నయ్యా వాళ్లలో ఒకడు. ఆ సంగతి తెలిసి వదిన ఇంట్లో పట్టు పట్టింది.

"ఏవండీ, ఒక్కసారి నిజం తెలియనివ్వండి. కళ్లు మూసుకుని కూర్చోండి చాలు. మిమ్మల్ని చూసి మిగతావాళ్లూ అలాగే చేస్తారు."

"ఉద్యోగం పోతేనో?"

"ఎందుకు పోతుంది? నేను లేనూ?"

అన్నయ్య అందరికంటే ముందు వెళ్లి కళ్లు మూసుకుని కూర్చున్నాడు. నర్సు మీట నొక్కుతూనే ఉంది, ఈయన వేలు లేవలేదు. వెనకాల వచ్చినవాళ్లు కూడా ఆయన్ని చూసే ధైర్యం చేశారు. పాపం, పాత పనివాళ్లంతా దొరికిపోయారు.

మేనేజరు వదినని కూర్చోబెట్టి మర్యాదగానే చెప్పాడట. "ప్రమాదం గంట మోగినా వినపడనివాళ్లని మగ్గాల దగ్గర ఎలా ఉంచమంటారమ్మా? వాళ్ల క్షేమం కోసమే మానిపిస్తున్నాం."

"మిషన్లు ఇస్తామన్నారు కదా సార్?"

"ఇస్తామమ్మా. పనిలో ఉన్నవాళ్లకి."

వదిన ఆ మిల్లు చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. తను బాగుచేసిన కంపెనీలన్నిటినీ అడిగింది. చెవిటివాడికి పని ఇచ్చే నాథుడు లేడు. వీధిలో మగ్గాల వాళ్ల ఆడవాళ్లు ఆవిడని చూసి తలుపులు వేసుకుంటున్నారు. నేనూ చెడామడా తిట్టాలనే మొన్న వాళ్లింటికి వెళ్లాను.

అన్నయ్య మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. వదిన టీ తెచ్చి, మంచం చుట్టూ తిరిగి వెళ్లి, ఆయన ఎదురుగా నేలమీద కూర్చుంది. ఆయన చూపు అందుకోవాలని తల వంచింది. "నా వల్లే పోయిందండీ. ఒక్కసారి నావైపు చూడండి" అంది.

అన్నయ్య కళ్లు మూసుకున్నాడు, ఆవిడ నేర్పినట్టే.

టీ చల్లారిపోయింది. వదిన ఆయన మూసిన కళ్లకి ఇంకా ఏదో చెబుతూనే ఉంది.