కుదురొచ్చిన పిల్ల

దర్జీ పని చేసే ఆ తల్లికి ఒక్కతే కూతురు. చిన్నప్పుడు కాలుగాలిన పిల్లిలా తిరిగేది, చెప్పింది ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేది. అది అల్లరి కాదు, ధ్యాస నిలవని జబ్బన్నాడు డాక్టరు. "చాలామంది బాగానే ఉంటారమ్మా. ఏ కొద్దిమందికో పెద్దయ్యాక స్కిజోఫ్రీనియా రావచ్చు, లేని మాటలు వినిపిస్తాయి." ఆ కొద్దిమంది మాటే ఆమె గుండెల్లో రాయిలా ఉండిపోయింది.

కాలేజీకొచ్చిన పిల్ల ఈమధ్య గోడవైపు తిరిగి గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటోంది. "ఇన్నాళ్లకు నీ కూతురికి కుదురొచ్చింది" అని మెచ్చుకుంది ఎదురింటావిడ. తల్లి కుట్టుమిషను తొక్కుతూనే కూతురి వంక చూసింది.

"అమ్మా, కాస్త మిషను ఆపవా? సరిగ్గా వినపడటం లేదు" అంది పిల్ల.

తల్లి పెడలు మీంచి కాలు తీసింది. గదిలో ఇక ఏ చప్పుడూ లేదు.

పిల్ల గోడకేసి తల ఊపి, "ఇప్పుడు చెప్పండి" అంది.