గోడ మీది పెద్దావిడ

దయ్యాల విషయంలో నాతో వాదించి గెలిచినవాళ్లు అమెరికాలో మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఎవరూ లేరు. తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందుల్లో ఎవరైనా ఇంట్లో రాత్రిపూట అడుగుల చప్పుడు వినిపించిందని మొదలుపెడితే చాలు, ఇల్లు వెచ్చబెట్టే మీ ఫర్నేస్ పాతదా, అటక మీదికి ఉడతలేమైనా చేరాయా అని అడిగి కథంతా నీరుగార్చేసేదాన్ని. నా ఉద్యోగం కూడా అలాంటిదే. కారు విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో క్వాలిటీ ఇంజనీర్‌ని. బ్రేకు పట్టలేదంటే దానికో కారణం ఉంటుంది, దొరికేదాకా వెతకాలి, అంతే.

అలాంటి నేను ఇది రాస్తున్నానంటే మా ఫ్రెండ్స్ ఆటపట్టిస్తారు. పట్టించనివ్వండి. నేను ఒకావిడకి కృతజ్ఞత చెప్పుకోవాలి. ఆవిడ పేరు తెలియదు, ఊరు తెలియదు. ఇలా రాయడం తప్ప ఇంకో దారి కనిపించలేదు.

మా మామగారు పోయాక మా అత్తగారు తెనాలి నుంచి మా దగ్గరికే వచ్చేశారు. మొదట్లో బాగానే ఉండేవారు. తర్వాత మతిమరుపు మొదలైంది. స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోవడంతో మొదలై, నన్ను వాళ్ల చెల్లెలి పేరుతో పిలిచేదాకా వచ్చింది. ఒకట్రెండుసార్లు తలుపు తీసుకుని, బడి వదిలే వేళయింది, మామగారికి ఎదురెళ్లాలంటూ బయటికి నడిచారు. మామగారు హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. అప్పటినుంచి ముందు తలుపు తెరిస్తే టింగ్‌మని మోగే పరికరం ఒకటి పెట్టించాం.

మా అమ్మాయి నిత్య అప్పుడు హైస్కూల్లో ఉంది. ఆ ఏడాది దయ్యాల వేషాలు కట్టే హాలోవీన్ పండగకి పార్టీ మనింట్లోనే, అదీ వింటేజ్ థీమ్‌తో చేయాలని పట్టుబట్టింది. ప్లాస్టిక్ అస్థిపంజరాలు, అరిచే బొమ్మలు వద్దట. వందేళ్ల కిందట అమెరికాలో ఎలా చేసుకునేవాళ్లో అలా ఉండాలట. నల్ల కాగితంతో కత్తిరించిన పిల్లులు, నారింజరంగు ముడతల కాగితం తోరణాలు, గుమ్మడికాయల్లో నిజం కొవ్వొత్తులు, నోటితో అందుకునే ఆటకి నీళ్ల తొట్టిలో ఆపిల్స్. వచ్చేవాళ్లు కూడా పాతకాలం బట్టల్లోనే రావాలి. మన తెలుగువాళ్లకి అంతకన్నా కావలసిందేముంది? పెట్టెల్లోంచి అమ్మమ్మల పట్టుచీరలూ తాతయ్యల పంచెలూ బయటికి తీస్తామన్నారు అందరూ.

అలంకరణ కోసం నిత్య, నేను ఒక పాత వస్తువుల షాపుకి వెళ్లాం. అక్కడ ఒక అట్టపెట్టె నిండా నలుపు తెలుపు ఫొటోలు ఉన్నాయి. ఎవరెవరి కుటుంబాలవో, ఎవరూ ఉంచుకోనివి. ఎలాంటి మనుషుల పెద్దలో ఇలా అట్టపెట్టెలో పడ్డారని ఒక్క క్షణం అనిపించింది గానీ, కొన్ని ఏరి ఫ్రేములతో సహా తెచ్చేసుకున్నాం.

వాటిలో ఒకటి ఒక పెద్దావిడది. పొడుగాటి కోటు, ఈక పెట్టిన టోపీ. నవ్వడం లేదు కానీ కోపంగా కూడా లేదు, పనిమీద బయల్దేరిన మనిషిలా ఉంది. ఎడం చెయ్యి పక్కకి చాచి ఎవరిదో చెయ్యి పట్టుకుంది. ఎవరిదో తెలియదు, సరిగ్గా అక్కడ ఫొటోని కత్తిరించేశారు. అవతలి మనిషి వేళ్లు మాత్రం మిగిలాయి.

ఫొటోలన్నీ హాల్లో వరసగా తగిలించాం. దయ్యాల్లా కనిపించాలని నిత్య వాటి అద్దాల మీద కళ్ల దగ్గర తెల్ల మార్కర్‌తో రంగు వేయడం మొదలుపెట్టింది. ఆ పెద్దావిడ దగ్గరికి వచ్చేసరికి మా అత్తగారు లేచి వచ్చి మార్కర్ లాక్కున్నారు.

"పెద్దల ఫొటోతో ఆటలేంటే?"

"నానమ్మా, వాళ్లు మన ఫ్యామిలీ కాదు. స్టోర్‌లో కొన్నాం."

"గోడెక్కాక మనవాళ్లే."

నిత్య నావైపు చూసింది. నేను నవ్వాపుకుని, పోనీలే, ఆ ఒక్కటీ వదిలెయ్ అన్నాను.

మర్నాడు పొద్దున లేచి చూద్దును కదా, ఆ అమెరికన్ పెద్దావిడ నుదుటన గంధం, కుంకుమ బొట్టు. పక్కనే మా మామగారి ఫొటోకి పెట్టినట్టే పెట్టారు. కింద బల్ల మీద చిన్న గిన్నెలో బెల్లం ముక్క. ఇక రోజూ అదే తంతు. ఆవిడకి ఇంత చలిదేశంలో కోటు మీద కప్పుకోడానికి ఏమీ లేదని బాధపడి, ఒకరోజు మామగారి శాలువా ఒకటి తెచ్చి ఫ్రేముకి చుట్టారు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవాళ్ల ఇళ్లలో సన్మానం శాలువాలకి కరువేముంటుంది, మాకూ ఒక అలమారా నిండా ఉన్నాయి. ఇది మాత్రం మెరూన్ రంగుది, ఒక మూల చిరిగితే మా అత్తగారే ఆకుపచ్చ దారంతో కుట్టుకున్నది. ఈ కుట్టు సంగతి గుర్తుపెట్టుకోండి.

టూకీగా చెప్పాలంటే, దయ్యాల పార్టీకి తెచ్చిన ఫొటోకి మా ఇంట్లో పూజ జరిగింది. మావారు రవి ఆఫీసులో అందరికీ చెప్పుకుని నవ్వారు. నేనూ నవ్వాను.

హాలోవీన్ సాయంత్రం ఇంకా వెలుగు ఉండగానే జనం రావడం మొదలైంది. మా అత్తగారికి వాళ్ల పెళ్లినాటి పట్టుచీర కట్టి, తల దువ్వి, హాల్లో కుర్చీలో కూర్చోబెట్టాను. వచ్చిన ప్రతివాళ్లూ ఈ ఇంట్లో అసలైన వింటేజ్ ఆంటీయే అంటుంటే ఆవిడ ముసిముసిగా నవ్వుతున్నారు. తలుపు తెరిచినప్పుడల్లా టింగు టింగుమంటుంటే చెవులు చిల్లులు పడుతున్నాయని మావారు దాన్ని ఆపేశారు. ఇల్లంతా మనుషులున్నారు కదా, అందరి కళ్లూ ఆవిడమీదే ఉంటాయనుకున్నాం.

అందరూ ఉన్నచోట ఎవరూ చూడరు. నేను వంటింట్లోంచి మిరపకాయ బజ్జీల పళ్లెంతో వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

బాత్రూముల్లో, పైన గదుల్లో, బేస్‌మెంట్‌లో వెతికాం. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. ఆవిడ స్వెటర్, కోటు కొక్కేనికి అలాగే వేలాడుతున్నాయి. బయట చీకటి పడుతోంది, అప్పుడే వానతో కలిసి మంచు పడటం మొదలైంది. మా ఇళ్ల వెనక ఒక చెరువు లాంటిది ఉంది, వాననీరు నిలవడానికి తవ్వింది, దానికి కంచె లేదు. మావారు బూట్లయినా సరిగ్గా తొడుక్కోకుండా ఆ వైపే పరిగెత్తారు.

వీధి నిండా వేషాలు వేసుకుని చాక్లెట్ల కోసం ఇంటింటికీ తిరిగే పిల్లలు, వాళ్ల వెంట పెద్దలు. మామూలు రోజయితే పట్టుచీరలో, చెప్పుల్లేకుండా ఒక ముసలావిడ నడిచి వెళ్తుంటే ఎవరో ఒకరు ఆపి అడుగుతారు. ఆరోజు ఎవరూ అడగలేదు. కాస్ట్యూమ్ బాగుందని మెచ్చుకుని చాక్లెట్లు ఇచ్చి పంపారని మాకు తర్వాత తెలిసింది.

పోలీసులకి ఫోన్ చేసింది నేనే. హాల్లో, ఆ ఫొటో ఎదురుగా నిలబడి మాట్లాడాను. ఒంటిమీద వెచ్చటి బట్టలేమైనా ఉన్నాయా అని అడిగారు. పట్టుచీర ఒక్కటే, కోటు లేదు, కనీసం శాలువా కూడా లేదు, శాలువా ఇక్కడే నా కళ్లముందు ఉంది అని చెప్పాను. చెబుతూ దాని అంచు చేత్తో పట్టుకుని ఏడ్చాను. ఆకుపచ్చ కుట్టు నా వేలికి తగిలింది.

దాన్ని అలా పట్టుకునే ఒక మాట అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఆ ఫొటో వైపు చూసి తెలుగులోనే అన్నాను.

"అమ్మా, మీకు రోజూ బొట్టు పెట్టే మనిషి కనబడటం లేదు. కాస్త చూడండి."

తర్వాత కారు తాళాలు తీసుకుని బయటికి పరిగెత్తాను. పిల్లల్ని చూసుకోడానికి మా ఫ్రెండ్ సరోజ ఇంట్లో ఉండిపోయింది. మిగతావాళ్లంతా పంచెలు ఎగ్గట్టుకుని, పట్టుచీరలు దోపుకుని, ఫోన్ లైట్లతో తలో వీధి పట్టుకున్నారు. నిత్య నా పక్కన కూర్చుని, కారు అద్దం దించి, మంచు మొహాన కొడుతున్నా నానమ్మా నానమ్మా అని పిలుస్తూనే ఉంది. ఈ పార్టీ తను అడగకపోతే బాగుండేదని మధ్యమధ్యలో ఏడ్చింది. నాకు దాన్ని ఓదార్చే ఓపిక కూడా లేదు. అలా ఎంతసేపు తిరిగామో చెప్పలేను.

చివరికి పోలీసుల నుంచే ఫోన్ వచ్చింది. చెరువుకి అవతలివైపు వీధిలో ఒక ఇంట్లో ఉన్నారు, క్షేమంగా ఉన్నారు అన్నారు. కారు పక్కకి ఆపి స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాను.

ఆ ఇంట్లో ఉండేది ఒక వయసు మళ్లిన జంట. మావారూ మేమూ అక్కడికి చేరేసరికి మా అత్తగారు వాళ్ల సోఫాలో, కాళ్లకి ఎవరివో ఉన్ని మేజోళ్లతో, చేతిలో వేడి పాల కప్పుతో దర్జాగా కూర్చుని ఉన్నారు. కొంగున చాక్లెట్లు మూటకట్టి ఉన్నాయి. చీర కుచ్చిళ్లు నీళ్లోడుతున్నాయి. భుజాల చుట్టూ మెరూన్ శాలువా ఉంది. నేను వెళ్లి వాటేసుకున్నప్పుడు నా చెయ్యి దానిమీద పడింది. అది పొడిగా ఉంది. మూల తిప్పి చూశాను. ఆకుపచ్చ కుట్టు ఉంది.

ఆ ఇంటావిడ చెప్పింది ఇది. బెల్ మోగితే పిల్లలనుకుని చాక్లెట్ల గిన్నెతో తలుపు తీసిందట. ఇద్దరు ఆడవాళ్లు చేతులు పట్టుకుని నిలబడ్డారట. ఒకరు మా అత్తగారు. రెండో ఆవిడ పొడుగు కోటు, ఈక టోపీ పెట్టుకుని ఉందట. ఇద్దరూ వేషాల్లో ఉన్నారనుకుని ఈవిడ నవ్విందట. ఆ టోపీ ఆవిడ నవ్వకుండా, మా అత్తగారి చేతిని ఈవిడ చేతిలో పెట్టి, చలికి వణుకుతోందని ఒక్క మాట చెప్పిందట. చెయ్యి చల్లగా తగిలేసరికి కంగారుపడి ఈవిడ భర్తని పిలవడానికి లోపలికి తిరిగింది. మళ్లీ చూస్తే మా అత్తగారు ఒక్కరే ఉన్నారు. టోపీ ఆవిడ ఇంట్లోవాళ్లని తీసుకురావడానికి వెళ్లిందేమో అనుకున్నారట. ఆవిడ మళ్లీ రాలేదు.

మావారు వాళ్లమ్మ ముందు మోకాళ్లమీద కూర్చుని, ఎవరమ్మా నిన్ను తీసుకొచ్చింది అని అడిగారు.

"ఇంకెవరు, మనింటి పెద్దావిడే. నీళ్లవైపు పోతుంటే వెనక్కి లాక్కొచ్చింది. చెయ్యి వదిలితే ఒట్టు."

మావారు అక్కడే, ఆ కార్పెట్ మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు.

ఇంటికొచ్చేసరికి ఫొటో గోడకే ఉంది, బొట్టు చెదరలేదు. శాలువా మాత్రం లేదు. ఇక నాలోని క్వాలిటీ ఇంజనీర్ ఊరుకుంటుందా? వెతకడానికి వెళ్లిన ప్రతివాళ్లనీ విడివిడిగా అడిగాను, ఎవరైనా శాలువా తీసుకెళ్లి ఆవిడకి కప్పారా అని. అందరూ లేదన్నారు. కప్పినవాళ్లే ఉంటే ఆవిడని అక్కడే వదిలేసి వస్తారా? ఆ సాయంత్రం ఈక టోపీతో మా ఇంటికి వచ్చిన మనిషి కూడా లేదు. సరోజ హాల్లోనే కూర్చుంది, ముందు తలుపు ఎవరూ తీయలేదంది. శాలువా ఎప్పుడు మాయమైందో తను గమనించలేదు.

మర్నాడు సున్నుండలు చేసుకుని, ఫొటో కూడా పట్టుకుని ఆ జంట ఇంటికి వెళ్లాను. ఆ ఇంటావిడ చాలాసేపు చూసింది. టోపీ ఇలాంటిదే అంది. మొహం ఇదేనా అంటే, ఒట్టేసి చెప్పలేను, వాకిట్లో వెలుగు తక్కువ అంది. ఆవిడ నిజాయితీ నాకు నచ్చింది. ఫొటోలు కొన్న షాపులో కూడా అడిగాను. ఖాళీ చేసిన ఇళ్లనుంచి పెట్టెలుగా వస్తాయి, ఎవరివో మాకు తెలియదన్నారు.

ఆ రాత్రే నిత్య మిగతా ఫొటోల కళ్లమీద రంగంతా తడిగుడ్డతో తుడిచేసింది. నేను చెప్పలేదు, తనకే అనిపించింది.

మా అత్తగారు ఆ తర్వాత కూడా కొన్నేళ్లు మాతో ఉన్నారు. రాను రాను నా పేరు మరిచిపోయారు, కొడుకుని కూడా పోల్చుకోలేకపోయారు. గోడ దగ్గరికి వెళ్లి బొట్టు పెట్టడం మాత్రం మరిచిపోలేదు. నడవలేని రోజుల్లో ఆవిడ చెయ్యి పట్టుకుని నేనే పెట్టించేదాన్ని. మొన్న వసంతంలో మా ఇంట్లోనే, తన మంచం మీదే, మా అందరి మధ్య నిద్రలో పోయారు. చీకట్లో చెరువు దగ్గర కాదు. ఆ కొన్నేళ్లు మాకు ఎవరిచ్చారో తలుచుకున్నప్పుడల్లా నా చేతులు వాటంతటవే జోడించుకుంటాయి.

దయ్యాలున్నాయా అంటే లేవనే అంటాను, ఇవాళ్టికీ. శాలువా ఆ ఇంటికి ఎలా చేరిందో మాత్రం ఇంకా వెతుకుతూనే ఉన్నాను.

అత్తగారి ఫొటో ఎక్కడ పెట్టాలా అని మావారు మేకు పట్టుకుని నిలబడ్డారు. సహజంగా మామగారి పక్కనే పెట్టాలి. నేను మాత్రం కాస్త జరపమన్నాను. ఒకవైపు మామగారు, ఇంకోవైపు ఆ పెద్దావిడ, మధ్యలో మా అత్తగారు. పెద్దావిడ చాచిన చెయ్యి ఏ వైపుందో చూసి, సరిగ్గా ఆ వైపే కొట్టించాను. మా అత్తగారికి దారి గుర్తుండదు. పక్కన తెలిసినావిడ ఉంటే మాకు ధైర్యంగా ఉంటుంది.