గిట్టల చప్పుడు వినే వదిన

మా వదినతో నడకకు వెళ్లడమంటే పరీక్షకు వెళ్లినట్టే. ఆమె గుర్రాల డాక్టరు. నేను యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకునేదాన్ని. పొద్దున్నే తార్నాకలో ఇంటి నుంచి బయల్దేరి ఇద్దరం క్యాంపస్‌లో నడుస్తాం. నేను కబుర్లు చెబుతుంటే ఆమె నా మాటలు వినదు, నా చెప్పుల చప్పుడు వింటుంది.

"ఎడమ మోకాలు మళ్ల నొస్తున్నదా పిల్లా? ఆ అడుగు మెత్తగ వడ్తున్నది" అంటుంది. నిజంగానే నొస్తూ ఉంటుంది. అందుకే నాకు ఒళ్లు మంట.

ఆ మధ్య ఒక ఆడ గుర్రప్పిల్ల ఆమె చేతికొచ్చింది. మౌలాలి అవతల ఒక ఫారంలో పుట్టి, పందేలకు తయారవుతోంది. రెండేళ్లు కూడా నిండలేదు, వెనక కాలి కీలు ఉబ్బింది. గట్టిపడి ఎముక కావాల్సిన మృదులాస్థి ఒకచోట అలాగే ఉండిపోయి, పెచ్చులా ఊడి కీలులో పడిందట. ఎదిగే గుర్రాలకు వచ్చే జబ్బే. ఆపరేషన్ చేసి ముక్క తీసేసి, నెలల తరబడి విశ్రాంతి ఇవ్వాలంది వదిన.

ఫారం యజమాని మా ఇంటికే వచ్చాడు. ఇచ్చిన చాయ్ ముట్టలేదు.

"కీలుల సూది వేస్తే వాపు దిగుతదంట కదా డాక్టరమ్మా. ఈ సీజన్ ఉరికిద్దాం, ఆపరేషన్ తర్వాత చూద్దాం."

"సూది వేస్తే నొప్పి తెల్వది సార్. తెల్వక ఉరుకుతది. కీలు అరిగిపోతది. ఇగ జన్మల ఉరకది."

"అట్లయితే ఇంకో డాక్టర్ని పెట్టుకుంట. ఫారం మొత్తం ఆయనే చూసుకుంటడు."

వదినకున్న పనిలో చాలావరకు ఆ ఫారందే. అయినా ఆమె లాప్‌టాప్ ఆయన వైపు తిప్పి ఎక్స్‌రే చూపించింది.

చాలాసేపు చూశాడాయన. "నేనేం తక్కువ చేసిన? బార్లీ, శనగలు అన్నింటికన్న దీనికే ఎక్కువ పెట్టిన" అన్నాడు. పుట్టినప్పుడు దాని ఒళ్లు తన చేతులతోనే తుడిచాడట.

"ప్రేమతోనే పెట్టిన్రు సార్. ఒళ్లు తొందరగ పెరిగింది, ఎముక ఎనకవడ్డది. తిండి ఒక్కటే కాదు, పుట్టుకతోని గూడ వస్తది. వేరే డాక్టర్ని పెట్టుకోన్రి, ఏం కాదు. సూది మాత్రం వేయనియ్యకున్రి."

చేతిలో పని పోతున్నా ఆమె బెంగంతా ఆ పిల్ల మీదే. వదినంటే నాకు అంతకుముందు నుంచీ ఇష్టమే. ఆ రోజు ఆమె ముందు నిలబడి దణ్ణం పెట్టాలనిపించింది.

ఆయన లేచి వెళ్లిపోయాడు. మర్నాడు మేం క్యాంపస్‌లో ఉండగా ఫోన్ చేసి, ఆపరేషన్ ఎప్పుడని అడిగాడు. ఆయన ముందు అంత గట్టిగా నిలబడ్డ మనిషి, ఫోన్ పెట్టేసి రోడ్డు పక్క గట్టు మీద కూర్చుని ఏడ్చింది.

ఆపరేషన్ అయి నెలలు గడిచాక నన్నూ ఫారానికి తీసుకెళ్లింది. పిల్లను పగ్గం పట్టుకుని సిమెంటు బాట మీద చిన్నగా పరుగెత్తించారు. నేను కాళ్ల వంక చూస్తున్నాను. వదిన కళ్లు మూసుకుంది. ఆమెను చూసి పక్కనే ఉన్న యజమానీ మూసుకున్నాడు, నేనూ మూసుకున్నాను. టక్, టక్. ఏ అడుగూ మెత్తగా పడలేదు.

"మంచిగున్నది సార్" అంది వదిన.

ఇక సీజన్ గురించే అడుగుతాడని నేను ఎదురుచూశాను. ఆయన కళ్లు తెరవనేలేదు.

"ఇంకొక్కసారి ఉరికించున్రి డాక్టరమ్మా. మళ్ల వింట."