రెండో టేబుల్ దగ్గర పచ్చగాజులు

మా కంపెనీ బస్సు అనకాపల్లి నెహ్రూచౌక్‌లో తెల్లారి అయిదింటికి ఆగుతుంది. ఎక్కినవాళ్లు ఎక్కినట్టే నిద్రపోతారు. డిగ్రీ చదివి రొయ్యలు ఒలిచే నేనూ నిద్రపోతాను, బడి మొహం చూడనివాళ్లూ నిద్రపోతారు. అలసటకి సర్టిఫికెట్లతో పనిలేదు. నూకరత్నం మాత్రం చేరిన రోజు నుంచీ కళ్లు తెరుచుకునే కూర్చునేది. నిద్ర రాదా అని అడిగాను.

"వత్తాది పాపా. దిగాల్సిన సోటు దాటిపోద్దేమోనని బయం."

కంపెనీ బస్సు కంపెనీ దగ్గర కాక ఇంకెక్కడికి పోతుంది! నవ్వేశాను. తర్వాత ఆమె సంగతి తెలిసి, ఎందుకు నవ్వానా అనిపించింది.

నూకరత్నం చెరకుతోటల్లో బతికిన మనిషి. రెండేళ్ల కిందట చెరకు ట్రాక్టరు తిరగబడి భర్త పోయాడు. కౌలుకిచ్చినవాళ్లు భూమి వెనక్కి తీసుకున్నారు. ఇంటర్ చదివే కూతురు ధనశ్రీ ఒక్కతే ఇంట్లో. ముప్పై ఎనిమిదో ఏట మొదటిసారి గంబూట్లు తొడుక్కుని మా రొయ్యల కంపెనీలో చేరింది. కొత్తవాళ్లకి మూడు నెలలు ట్రయల్. ఈలోగా ఒక్కసారి రిపోర్టులో పేరు పడిందా, మర్నాడు బస్సు ఎక్కక్కర్లేదు.

లోపలికి వెళ్లేముందు పువ్వులు, బొట్టుబిళ్ల, ముక్కుపుడక, గాజులు అన్నీ తీసేయాలి. ఒంటిమీంచి ఊడి రొయ్యల్లో పడేదేదీ ఉండకూడదు. మొదటిరోజు గేటు దగ్గర నూకరత్నం రెండు చేతులూ చాపింది. "నీకు తీసే పనే లేదమ్మా, ఎల్లు," అంది సెక్యూరిటీ ఆమె, మంచిగానే. నూకరత్నం ఆ చేతులు దించుకుని లోపలికి నడిచింది.

మాది రెండో టేబుల్. దానికి మహారాణి అప్పలకొండమ్మ. పూడిమడక మనిషి, తొమ్మిదేళ్ల సర్వీసు, మేం ఒక ట్రే ఒలిచేలోపు ఆవిడ రెండు లేపుతుంది. ఆవిడ చేతికి డజను పచ్చటి మట్టిగాజులు ఉండేవి. మోచేతి పైకి తోసి, గుడ్డపీలికతో బిగించి, పైన కోటు చేతులు దించుకునేది. గేటు దగ్గర మణికట్టు వరకే చూస్తారు.

నూకరత్నం మూడోరోజే కనిపెట్టింది. "సుప్రియా, ఆ అప్ప సేతికి గాజులున్నాయి. మరి సెప్పొద్దా?"

"కొత్తదానివి, నీకెందుకు?" అన్నాను. నేను రెండేళ్లుగా చూస్తూ ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు బాగా అలవాటైపోయిన పని.

ఆమె ఊరుకోలేదు. సూపర్‌వైజర్ దగ్గరికీ వెళ్లలేదు. అన్నాల వేళ సూటిగా అప్పలకొండమ్మ దగ్గరికే వెళ్లి కూర్చుంది. "అప్పా, పగిలితే అందరి పనీ పోద్ది. తీసి డబ్బాలో పెట్టుకోరాదేటి?"

"మా మావ వారాలకి వారాలు సముద్రం మీదుంటాడు," అంది అప్పలకొండమ్మ. "బోటు ఒడ్డుకి రాకండా గాజులు తియ్యను. మాయమ్మ తియ్యలేదు, మా అత్త తియ్యలేదు. గట్టుమీదోలు, మీకేటి తెలుసు?"

ఆ రోజు నుంచి గట్టి డిప్పల రొయ్యలన్నీ నూకరత్నం ముందుకే వచ్చేవి. ఎవరు తోస్తున్నారో అందరికీ తెలుసు. ఐసునీళ్లలో నాని ఆమె వేళ్లు తెల్లగా ముడతలు పడిపోయేవి. సాయంత్రం బస్సులో వాటిని చంకల్లో పెట్టుకుని కూర్చునేది. చూడలేక నేను కిటికీ వైపు తిరిగేదాన్ని.

ట్రయల్ ఇంకా ఇరవై రోజులుందనగా జరిగింది. ఆ రోజు ఆర్డరు హడావుడి. అప్పలకొండమ్మ నిండు ట్రే ఎత్తుతూ మోచెయ్యి టేబుల్ అంచుకి కొట్టుకుంది. టక్‌మంది. కాసేపటికి నూకరత్నం రొయ్యల్లోంచి ఒక పచ్చటి ముక్క తీసింది. గోరంత ఉంది.

"బూటులో ఏసెయ్," అని గొణిగింది అప్పలకొండమ్మ. "ఎవులూ సూళ్లేదు."

"మిగతా ముక్కేదప్పా?"

మిగతా ముక్క ఆ రొయ్యల్లోనే ఉంది, రేపు ఎవరి పిల్లల కంచంలోకో పోతుంది. నూకరత్నం చెయ్యి పైకెత్తింది. చెయ్యి ఎత్తితే పని ఆపాలని రూలు.

సూపర్‌వైజర్ త్రినాధరావు వచ్చి ముక్క చూశాడు. "ఎవరిదిది?"

మేం ఎనిమిది మందిమీ తలలు దించుకున్నాం.

"రొయ్యలు పంపొద్దు సార్," అంది నూకరత్నం. "ఎవులిదో నన్నడగొద్దు."

ఆయన ట్రేలన్నీ పక్కన పెట్టించాడు. "అయితే నీ పేరే రాస్తా. రేపట్నుంచి రానక్కర్లేదు." ఆమె బోసిచేతులు కళ్లముందే ఉన్నాయి. ఆయన చూడలేదు. చూసిన మేం నోరు విప్పలేదు. నా మీద నాకే అసహ్యమేసింది.

నూకరత్నం బట్టలు మార్చుకునే గదికి వెళ్లింది. వెనకే అప్పలకొండమ్మ, ఆ వెనక నేను.

"నా పేరు సెప్పీలేకపోయేవా?" అంది అప్పలకొండమ్మ. గొంతులో కోపముంది, భయమూ ఉంది.

నూకరత్నం బూటు విప్పుతూ తలెత్తలేదు. "మా ఆయన ట్రాక్టరెక్కిన పొద్దు నా సేతులకి రెండు డజన్లున్నాయప్పా," అంది. "ఒక్కటీ తియ్యలేదు."

అప్పలకొండమ్మ కోటు చెయ్యి పైకి లాగి ముందుకి చాపింది. "మావ మల్లీ సముద్రం మీదున్నాడు. నా వల్ల కాదు. నువ్వు తియ్యి."

"నా సేత్తోనా?" నూకరత్నం వెనక్కి జరిగింది. "సుప్రియ తీత్తాది."

"నిన్నే తియ్యమన్నాను."

నూకరత్నం సబ్బు రాసి, ఒక్కొక్కటే, ఒక్కటీ చిట్లకుండా పదకొండు గాజులు తీసింది. తన రుమాల్లో మూటకట్టి ఇచ్చింది. తర్వాత అప్పలకొండమ్మ తనే వెళ్లి త్రినాధరావు ముందు నిలబడింది. ఆవిడని పదిహేను రోజులు ఇంటికి పంపారు. నూకరత్నం పేరు కొట్టేశారు గానీ, ట్రయల్ మాత్రం ఇంకో నెల పొడిగించారు. ఎందుకని అడిగే ఓపిక మా ఎవరికీ లేదు.

మర్నాటి నుంచి బస్సెక్కగానే నూకరత్నం నన్ను ఒకటే అడిగేది. "పాపా, ఫోనొచ్చిందేటి? బోటొచ్చిందంటనా?" రాలేదంటే రోడ్డు వైపు చూస్తూ కూర్చునేది. కళ్లకింద నల్లగా గుంటలు పడ్డాయి. తన చేత్తో తీసిన గాజులు కదా. నాలుగు రోజులు అలాగే గడిచాయి.

అయిదోరోజు బస్సు కదులుతుండగా అప్పలకొండమ్మ ఫోన్ చేసింది. నేను నూకరత్నం చెవి దగ్గర పెట్టాను.

"మా మావొచ్చేడు రత్నం. రేత్రే వచ్చేడు."

నూకరత్నం ఫోన్ నా చేతికిచ్చి, తల నా భుజం మీద వాల్చి నిద్రపోయింది. కంపెనీ గేటు దగ్గర అందరూ దిగిపోయాక, నేనే లేపాల్సి వచ్చింది.