పూజారి చదివిన పేరు

అరవైల మొదట్లో మాట. బళ్లారి బ్రూస్‌పేటలో నాకు బట్టల అంగడి ఉండేది. శ్రావణ సోమవారాల్లో అంగడి మూసి, నా భార్య సుశీలను మోటారు సైకిల్ మీద ఎక్కించుకొని కురుగోడు వైపు ఒక పాత శివుని గుడికి పోయేవాణ్ణి. ఒక ఆషాఢంలో కాన్పు కష్టమై తల్లీబిడ్డా పోయారు. ఏడాది దాకా గుడికి పోకూడదంటారు. సంవత్సరీకం అయినాక, మళ్లీ శ్రావణం రాగానే ఒక్కణ్ణే బయల్దేరాను.

దారిలో కాలవ వంతెన దగ్గర ఎప్పటి గుంతే వచ్చింది. "గట్టిగా పట్టుకో" అని పైకే అనేశాను. వెనక ఎవరున్నారు పట్టుకోవడానికి!

గుళ్లో ముసలి పూజారి నన్ను చూసి మురిసిపోయాడు. "ఏమప్పా, పోయినేడు రానే లేదే!" అంటూ, నేను నోరు తెరిచేలోపే టెంకాయ తీసుకొని లోపలికి పోయి సంకల్పం మొదలుపెట్టాడు. మా గోత్రం, పేర్లు ఆయనకు నోటికి వచ్చు. నా పేరు చదివాడు. వెంటనే సుశీల పేరు చదివి, ఆయురారోగ్యాలిమ్మని దేవుణ్ణి అడిగాడు.

ఆపుదామని ఒక అడుగు ముందుకేసి, అక్కడే ఆగిపోయాను. బతికున్నోళ్ల వరసలో ఆ పేరు ఇంకొక్కసారి వినాలనిపించింది.

కుంకుమ, మూరెడు పూలు నా చేతిలో పెట్టి, "అమ్మకియ్యప్పా. ఈ తూరి యాల రాలేదు? ఒంట్లో బాగుండాదా?" అన్నాడు.

"బాగుండాది స్వామీ" అన్నాను.

ఆ తర్వాత మళ్లీ ఆ గుడికి పోలేదు. దేవుడి మీద కోపమనుకున్నారు మావాళ్లు. కోపం కాదు. పోతే ఆయనకు నిజం చెప్పాల్సొస్తుంది. ఆ ఒక్కచోటైనా సుశీలను బతకనిద్దామనుకున్నాను.