నడిమి గ్లాసు

అమెరికాలోని యాకిమా ఊళ్ళో, ఇంట్లో బీరు కాచుకునేవాళ్ళకు సరుకులమ్మే కొట్టులో, ప్రతి శనివారం ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని నిలబడే పొడుగాటి మనిషి ఆరిన్. స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. రెండు చేతుల్లో బీరును పులియబెట్టే పొడి ఈస్టు పొట్లాలు, రెండు రకాలవి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, వెనకవైపు చిన్న అక్షరాలు చదువుతాడు. తను కాచే పేల్ ఏల్ రకం బీరుకి ఒకటి హాప్స్ పువ్వుల చేదును తేటగా పైకి తెస్తుందట, ఇంకొకటి పండిన పళ్ళ వాసన అంటిస్తుందట. చదివేకొద్దీ అయోమయం పెరిగి పొట్లాలు చేతులు మారతాయి. "తలుపు వెయ్యి ఆరిన్, నీ ధర్మమా అని ఫ్రిజ్‌కి చెమటలు పడుతున్నాయి" అంటుంది కొట్టు నడిపే డార్లా.

కౌంటీ సంతలో బీరు పోటీ దగ్గరపడితే ఈసారి రెండూ కొన్నాడు. ఒకేసారి కాచినదాన్ని రెండు గాజు జాడీల్లో పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో ఈస్టు చల్లాడు. పోటీకి ఒక్కటే పంపాలి. గడువు ఆఖరి రోజున కళ్ళకు తువ్వాలు కట్టుకుని వంటింట్లో కూర్చుని, రెండు గ్లాసులు ఒక జాడీలోవి, ఒకటి రెండో జాడీలోది వరస తెలియకుండా పెట్టమన్నాడు భార్య మార్లిస్‌ని, వేరుగా ఉన్నదేదో రుచిని బట్టి పట్టేస్తానని. ఒక్కొక్క గుక్కా నాలుక మీద తిప్పాడు. మళ్ళీ మొదటికొచ్చాడు. చివరికి తొడ చరిచాడు.

"నడిమిది వేరు. పళ్ళ వాసన గుప్పుమంటోంది. దీన్నే పంపుదాం."

"మూడూ ఒక్క జాడీలోవేనయ్యా. రెండోదాని బిరడా నా వల్ల ఊడిరాలేదు."

ఆరిన్ తువ్వాలు విప్పాడు. నడిమిది ఎత్తి మరో గుక్క తాగాడు.

"అయినా ఇదే బాగుంది" అన్నాడు.